ఒకే ఆటకు ఒకరు 9, మరొకరు 6 ఎందుకు వేస్తారు

మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. మీ నాన్నగారు పర్లాకిమిడి నుంచి బరంపురం వచ్చి కాలేజీలో చదువుకున్న రోజుల్లో వీడియో గేమ్ షాపుల్లో స్ట్రీట్ ఫైటర్ 2 అనే కొట్లాట ఆట ఆడేవారు. ఆయనకు యాభై ఏళ్ళు నిండే సందర్భంలో ఆ ఆటను కొత్త హంగులతో కొనివ్వాలనుకుని మీరు సమీక్షలు చదివితే, ఇంచుమించు ఒకే బొమ్మలతో వచ్చిన రెండు రూపాల్లో 2008 నాటి దాన్ని విమర్శకులు పదికి 9 వేసి నెత్తిన పెట్టుకున్నట్టు, 2017 నాటి దానికి 6 వేసి పెదవి విరిచినట్టు కనిపించింది. ఆట ఒక్కటే అయినప్పుడు తీర్పు రెండు రకాలుగా ఎందుకు వచ్చింది, ఎవరి మాట నమ్మాలి అన్నది మీ సందేహం.

1994 నుంచి తొమ్మిదేళ్ళపాటు బరంపురం గేట్ బజారు దగ్గర నాలుగు యంత్రాలతో షాపు నడిపాను. ఆ తర్వాత కూడా పాత యంత్రాలను బాగుచేయడం, పాత ఆటలు కొత్త రూపంలో వచ్చినప్పుడల్లా యంత్రంలో ఆటను నడిపే అసలు సర్క్యూట్ బోర్డు పక్కన పెట్టి పోల్చి చూడడం మానలేదు. ఆ అనుభవంతో చెబుతున్నాను. పాత ఆర్కేడ్ ఆటను, అంటే షాపులో టోకెన్ వేసి ఆడే ఆటను, పునరుద్ధరించినప్పుడు బాగుపడవలసింది, చెడిపోకూడనిది ఆటగాడి బొటనవేలికీ తెరకీ మధ్య ఉన్న కాలం. రంగులు, గీతలు, సంగీతం దాని తర్వాతివే. సమీక్షకుడు ఆ కాలం గురించి రాశాడా, లేక తన కంటికి కనిపించినదాని గురించి, తన జేబుకు తగిలినదాని గురించి మాత్రమే రాశాడా అన్నది చూసుకుంటే ఒకరి 9కీ మరొకరి 6కీ మధ్య ఉన్న గొడవ చాలావరకు తీరిపోతుంది.

మీరు చెప్పిన రెండు రూపాలతోనే మొదలుపెడదాం. 2008 నవంబరులో వచ్చినది సూపర్ స్ట్రీట్ ఫైటర్ 2 టర్బో హెచ్‌డీ రీమిక్స్. 1994 నాటి ఆర్కేడ్ ఆటను తీసుకుని, యూడాన్ అనే చిత్రకారుల బృందం చేత ప్రతి బొమ్మనూ పెద్ద పరిమాణంలో మళ్ళీ గీయించారు. డేవిడ్ సర్లిన్ అనే రూపకర్త పాత్రల బలాబలాలను సరిదిద్దాడు. ఇంటర్నెట్‌లో పాత ఆటల సంగీతాన్ని ఇష్టంగా మళ్ళీ వాయించే ఔత్సాహికులు కొత్త పాటలు కట్టారు. అప్పట్లో దాని ధర 15 డాలర్లు. 2017 మే నెలలో నింటెండో స్విచ్ అనే గేమ్ యంత్రం కోసం వచ్చినది అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 2. అందులో వాడిన పెద్ద బొమ్మలు ప్రధానంగా అంతకు తొమ్మిదేళ్ళ ముందు గీయించినవే. చేతిలోని కంట్రోలర్‌ను గాలిలో ఊపి ఫైర్‌బాల్ (చేతుల నుంచి విసిరే నిప్పుబంతి) వేసే ఒక విడి విభాగం చేర్చారు, దానికి పెద్దగా ఎవరూ సంతోషించలేదు. విడుదలైనప్పుడు ధర మాత్రం 40 డాలర్లు. విమర్శకులు విసుక్కున్నది ఆట మీద కాదు. కొత్తదనం ఇంత తక్కువ ఉన్నప్పుడు ఇంత ధర ఎలా అడిగారన్నదే చాలా సమీక్షల్లోని ప్రధాన అభ్యంతరం. కాబట్టి ఆ తక్కువ మార్కులో ధరకు పడిన కోత ఎంత, ఆటకు పడిన కోత ఎంత అన్నది విడదీసి చూడాలి. రేపు అదే ఆట సగం ధరకు దొరికితే ఆ సమీక్షలో సగం కారణం చెల్లిపోతుంది, కానీ సమీక్షకుడు వేసిన అంకె మాత్రం అలాగే నిలిచి ఉంటుంది.

అయితే 2008 నాటి రూపానికి కూడా ఒక నిజమైన లోపం ఉంది. దాన్ని మెచ్చుకున్నవారిలో కూడా కొందరు ఈ లోపాన్ని ఎత్తిచూపారు. బొమ్మలు ఎంతో నునుపుగా, స్పష్టంగా ఉన్నాయి గాని కదలిక కుదుపుగా ఉంది. దీని కారణం మా ఇంట్లోవాళ్ళకు ఒక్క మాటలో చెబితే అర్థమైంది, ఎందుకంటే మాది మగ్గం మీద బతికిన కుటుంబం. బరంపురం పట్టు చీర అంచులో వచ్చే కుంభాల వరసను పాత ముతక దారంతో నేసినప్పుడు మెట్లు మెట్లుగా ఉన్నా కంటికి నిండుగానే కనిపిస్తుంది. అదే నమూనాను, అడుగులు పెంచకుండా, సన్నటి మెరిసే దారంతో నేస్తే ఆ మెట్లే ఎత్తిపొడిచినట్టు కనిపిస్తాయి. పాత ఆటలో ఒక గుద్దుకు నాలుగో అయిదో బొమ్మలు ఉండేవి. పెద్ద చుక్కలతో (పిక్సెళ్ళతో) కట్టిన బొమ్మ కాబట్టి మధ్యలో లేని కదలికను మన కన్ను తనంతట తానే పూరించుకునేది. హెచ్‌డీ రూపంలో ఒక్కొక్క బొమ్మ పత్రిక ముఖచిత్రంలా ఉంది, కానీ వాటి సంఖ్య మాత్రం పెంచలేదు.

వాళ్ళు బొమ్మల సంఖ్య ఎందుకు పెంచలేదు? ఖర్చు ఒక కారణం కావచ్చు గాని, అంతకంటే పెద్ద కారణం ఆట లోపలే ఉంది. ఏ బొమ్మ తెరమీద ఎన్ని ఫ్రేములు, అంటే తెర ఎన్నిసార్లు మారేదాకా, నిలుస్తుంది, ఆ బొమ్మలో దెబ్బ తగిలే భాగం ఎక్కడ ఉంటుంది, ఎక్కడ దెబ్బ తినే భాగం ఉంటుంది అన్నవే ఈ ఆట ప్రాణం. ఆ కాలాన్ని ముట్టుకుంటే పదిహేనేళ్ళుగా చేతికి అలవాటైన దెబ్బలు తప్పిపోతాయి. అందుకని కంటికి కాస్త అన్యాయం చేసి చేతికి న్యాయం చేశారు. ఇది సరైన నిర్ణయమని నేను గట్టిగా నమ్ముతాను. బొమ్మ కుదుపుగా ఉందని ఒక మార్కు తగ్గించిన సమీక్షకుడు చూసింది నిజమే, కానీ ఆ కుదుపు దేన్ని కాపాడిందో కూడా చెప్పి ఉంటే చదివేవారికి మేలు జరిగేది.

చేతికి తెలిసేది మాటల్లో పెట్టడం ఎంత కష్టమో నా షాపులోనే చూశాను. రోజూ సాయంత్రం మగ్గం దిగి వచ్చే ఒక కుర్రవాడు ఉండేవాడు, ఆ వీధిలో ర్యూ పాత్రతో వాడిని ఓడించినవాడు లేడు. ఒకనాడు వచ్చి, "అన్నా, ఫైర్‌బాల్ దిగడం లేదు, హ్యాండిల్ బాగోలేదు" అన్నాడు. నేను ఆడి చూస్తే నాకు వస్తూనే ఉంది. చెయ్యి జారుతోందేమో చూసుకోమన్నాను. రెండో రోజు కూడా అదే మాట అన్నాడు. అప్పుడు పానెల్ ఎత్తి చూశాను. హ్యాండిల్ అడుగున నాలుగు వైపులా నాలుగు చిన్న స్విచ్‌లు ఉంటాయి, నొక్కినప్పుడు టిక్కుమంటాయి. కింద, ఆ తర్వాత కింద-కుడి మూల, ఆ తర్వాత కుడి, వెంటనే గుద్దు బటన్, అదీ ఫైర్‌బాల్. ఆ మూలకు వేరే స్విచ్ లేదు, కింది స్విచ్, కుడి స్విచ్ రెండూ ఒకే క్షణంలో మూసుకుని ఉంటేనే యంత్రం దాన్ని మూల అనుకుంటుంది. కింది స్విచ్ మీది రేకు కాస్త వంగిపోయి, హ్యాండిల్ మూలకు చేరకముందే వదిలేస్తోంది. నేను నెమ్మదిగా తిప్పేవాణ్ణి కాబట్టి నాకు దొరికేది, వాడి వేగానికి దొరికేది కాదు. స్విచ్ మార్చగానే వాడు ఒక టోకెన్ వేసి, మూడు ఫైర్‌బాల్స్ వరసగా వేసి, ఏమీ అనకుండా నా వైపు చూసి తల ఊపాడు.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, సమీక్షల్లో ఇద్దరూ నిజాయితీగానే రాసినా ఒకరికి దొరికినది మరొకరికి దొరకకపోవడం ఇలాగే జరుగుతుంది. పాత ఆటను చేతివేళ్ళలో దాచుకున్నవాడికి 2 ఫ్రేముల తేడా కూడా తెలుస్తుంది. మొదటిసారి ఆడుతున్నవాడికి అది అసలు ఉన్నట్టే తెలియదు, తెలియకపోవడం తప్పు కూడా కాదు. ఈ ఆటలు సెకనుకు సుమారు 60 ఫ్రేములతో నడుస్తాయి కాబట్టి ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. అంత చిన్న కాలంలో తీర్పు తారుమారవుతుంది.

2017 జూన్‌లో వచ్చిన క్రాష్ బాండికూట్ ఎన్. సేన్ ట్రిలజీ, అంటే క్రాష్ అనే పాత్రతో సాగే మూడు పాత ఆటల కొత్త రూపం, దీనికి మంచి ఉదాహరణ. అది పుట్టుకతో ఆర్కేడ్ ఆట కాదు గాని, దూకడం మీద నిలిచే ఆట కాబట్టి ఇక్కడ పనికివస్తుంది. సమీక్షలు మొత్తమ్మీద బాగానే వచ్చాయి, అమ్మకాలు ఇంకా బాగున్నాయి. కానీ పాతది బాగా ఆడినవారు మొదటి రోజు నుంచే, తాము ఎప్పుడూ తప్పని గెంతులు తప్పుతున్నాయని మొత్తుకున్నారు. వయసు మీదపడిందని వాళ్ళను వెక్కిరించినవారూ ఉన్నారు. చివరికి ప్రచురణ సంస్థే వివరణ ఇచ్చింది. కొత్త రూపంలో క్రాష్ శరీరాన్ని లెక్కకట్టే ఆకారం అడుగున గుండ్రంగా, మందుబిళ్ళలా ఉందని, అందువల్ల అంచు మీద దిగినప్పుడు పాతదానిలా నిలవకుండా జారుతుందని, మొదటి ఆటలోని గెంతు తీరు కూడా మారిందని ఒప్పుకుంది. ఆ ఆటగాళ్ళు చెప్పింది అక్షరాలా నిజం. చాలా సమీక్షల్లో అది ఒక వాక్యంగా కూడా లేదు, ఎందుకంటే సమీక్షకుడు ఆటను ఒక వారంలో ముగించి రాయాలి, చేతి జ్ఞాపకం ఉన్నవాడు మాత్రం ఇరవై ఏళ్ళ అభ్యాసంతో వచ్చి కూర్చుంటాడు.

ఇదే విషయం టోనీ హాక్ స్కేట్‌బోర్డ్ ఆటల్లో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఒకే ఆటను రెండుసార్లు పునరుద్ధరించారు. 2012లో వచ్చిన హెచ్‌డీ రూపం చూడడానికి శుభ్రంగానే ఉన్నా, బోర్డు గాలిలోకి లేచి దిగే తీరు పాతదానిలా లేదని ఫిర్యాదులు వచ్చి, సమీక్షలు అటూ ఇటూగా నిలిచిపోయాయి. 2020 సెప్టెంబరులో వికేరియస్ విజన్స్ సంస్థ చేసిన 1+2 రూపానికి మాత్రం దాదాపు అందరూ జేజేలు పలికారు. వాళ్ళు మొదటి సృష్టికర్తలైన నెవర్‌సాఫ్ట్ రాసిన కదలికల లెక్కను ఆధారంగా పెట్టుకుని దానిమీద కొత్త ఇల్లు కట్టారు. ఇదే సంస్థ మూడేళ్ళ ముందు క్రాష్ గెంతు విషయంలో విమర్శ ఎదుర్కొన్నదని గుర్తుపెట్టుకుంటే, విమర్శ వృథా కాలేదని నాకు అనిపిస్తుంది.

ఇక తెర సంగతి. ఇందులో చాలామంది సమీక్షకులు పొరబడతారు, మీరు కూడా పొరబడే అవకాశం ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. స్ట్రీట్ ఫైటర్ 2 చేసిన సంస్థ క్యాప్‌కామ్, ఆ ఆట నడిచిన దాని బోర్డు తయారుచేసే బొమ్మ అడ్డంగా 384, నిలువుగా 224 చుక్కలు. ఆ లెక్కన చుక్కలు చదరంగా ఉంటే బొమ్మ బాగా వెడల్పుగా రావాలి. కానీ ఆనాటి గాజు పిక్చర్ ట్యూబు కొలత 4:3. అంటే ఒక్కొక్క చుక్క అడ్డంగా నొక్కుకుని నిలువుగా సాగుతుంది. క్యాప్‌కామ్ చిత్రకారులు గీసింది అలా సాగిన తర్వాత అందంగా కనిపించడానికే. కొత్త రూపాల్లో 'చదరపు చుక్కలు' అన్న సెట్టింగ్ పెట్టుకుంటే చుక్కలు కత్తితో కోసినట్టు శుభ్రంగా ఉంటాయి గాని ఆటలోని యోధురాలు చున్-లీ ఒళ్ళు వచ్చినట్టు కనిపిస్తుంది. అలా ఆడి 'పాత బొమ్మలు ఈనాటి కంటికి ఆనడం లేదు' అని రాసిన సమీక్ష చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. పాత బొమ్మను చిత్రకారుడు గీసిన కొలతలో చూడకుండానే తీర్పు చెప్పినట్టయింది.

పిక్చర్ ట్యూబు చేసే రెండో మేలు వేగం. బోర్డు నుంచి వచ్చిన సంకేతాన్ని అది దాచుకోకుండా గీత వెంట గీతగా అప్పటికప్పుడే తెరమీద గీసేస్తుంది. ఈనాటి టీవీ అయితే మొదట ఒక పూర్తి బొమ్మను అందుకుని, పెద్దది చేసి, రంగులు దిద్ది, అప్పుడు చూపిస్తుంది. మా ఇంట్లో టీవీ మీద ఒకసారి కొలిచి చూశాను. ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ పెట్టి, నా బొటనవేలు, టీవీ తెర రెండూ కనిపించేలా నిలబెట్టి, బటన్ నొక్కాను. తర్వాత ఆ వీడియోను ఒక్కో ఫ్రేము జరుపుతూ, బటన్ అడుగుకు తాకిన ఫ్రేము నుంచి తెరమీద ర్యూ చెయ్యి కదిలిన ఫ్రేము దాకా లెక్కపెడితే 41 వచ్చింది. అంటే సుమారు 170 మిల్లీసెకన్లు. టీవీలో గేమ్ మోడ్ (బొమ్మను దిద్దే పనులు తగ్గించే సెట్టింగ్) పెట్టి మళ్ళీ చేస్తే 17 వచ్చింది, సుమారు 70 మిల్లీసెకన్లు. అదే ఆట, అదే కంట్రోలర్, అదే చెయ్యి. ఒక్క సెట్టింగ్‌తో ఆట లెక్కలో 6 ఫ్రేములు పోయాయి. సమీక్షకుడు 'స్పందన మందంగా ఉంది' అని రాసినప్పుడు ఆ మందం ఆటదా, ఆయన టీవీదా అన్న ప్రశ్న వేసుకోవాలి. ఏ యంత్రం మీద, ఏ తెర మీద ఆడాడో చెప్పిన సమీక్షకుడి మాటకు నేను రెండింతలు విలువ ఇస్తాను. ఒకే ఆట ఒక యంత్రం మీద సాఫీగా, మరో యంత్రం మీద తడబడుతూ నడవడం మామూలే కాబట్టి, మీ దగ్గర ఉన్న యంత్రం మీద ఆడి రాసిన సమీక్షే మీకు సమీక్ష.

పాత యంత్రాల కాలం ఇంకో రకంగా కూడా చిక్కు పెడుతుంది. ఐరెమ్ సంస్థ 1987లో తెచ్చిన ఆర్-టైప్ బోర్డు తెరను సెకనుకు 60 సార్లు కాక సుమారు 55 సార్లే మారుస్తుంది. దాన్ని యథాతథంగా 60 మార్పుల తెరమీదకు తెస్తే ఆట దాదాపు పదో వంతు వేగం పుంజుకుంటుంది, లేదా అక్కడక్కడ చిన్న కుదుపు వస్తుంది. 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ సంగతి ఇంకా ముచ్చటైనది. తొమొహిరో నిషికాడో రూపొందించిన ఆ ఆటలో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవి వేగంగా కదులుతాయి. ఆ యంత్రం ఒక్కో విడతలో ఒక్కో శత్రువునే జరపగలిగేది కాబట్టి, సంఖ్య తగ్గేకొద్దీ వాటి వంతు త్వరత్వరగా వచ్చేది. యంత్రం బలహీనతే ఆటలోని ఉత్కంఠ అయింది. ఆ బలహీనతను పోల్చుకుని నిలబెట్టినవాడే మంచి పునరుద్ధారకుడు. 'పాత లోపాలన్నీ తొలగించారు' అని సమీక్షలో మెచ్చుకోలుగా కనిపిస్తే, ఏ లోపాలో కాస్త ఆగి చూడండి.

ఇప్పుడు మార్కులు తగ్గడానికి ఎక్కువగా చెప్పే కారణం దగ్గరకు వద్దాం, అది 'ఆట మరీ చిన్నది' అన్న మాట. ఆర్కేడ్ ఆట నిడివి అరగంట, ముప్పావుగంట. అసలు పొడవు మన చేతిలోని టోకెన్ల మీద ఉండేది. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర రోజుల్లో నా షాపు ముందు వేషాలు కట్టిన పిల్లలు పులి రంగులతోనే వచ్చి నిలబడేవారు, ఒక్కొక్కరి దగ్గర ఒకటో రెండో టోకెన్లు. ఆ ఒక్క టోకెన్‌తో మూడో స్టేజీ దాకా వెళ్ళడానికి నెలల తరబడి నేర్చుకున్నవారు ఉన్నారు. ఇంటి రూపంలో టోకెన్ ఒక బటన్ అయిపోతుంది, చచ్చిన చోటే మళ్ళీ లేవవచ్చు, కాబట్టి చివరి బాస్ (ఆఖరి పెద్ద శత్రువు) దాకా వెళ్ళడానికి నేర్చుకోవలసిన అవసరమే ఉండదు. అలా ముప్పావుగంటలో ముగించి 'ఇంతేనా' అని రాసినవారిని పూర్తిగా తప్పుపట్టను, ఎందుకంటే వాళ్ళకు ఆ తలుపు తెరిచి ఇచ్చినది తయారీదారులే. కానీ టోకెన్లను పరిమితం చేసుకునే వీలు ఉన్నదా, ఒక్కో స్టేజీని విడిగా సాధన చేసే వీలు ఉన్నదా అని చూడకుండా నిడివికి మార్కు కోయడం పరుగుపందేన్ని ప్రయాణంతో పోల్చడమే అవుతుంది.

తుపాకీ ఆటల పరిస్థితి మరీ కష్టం. మన ఇళ్ళలో 8 బిట్ టీవీ గేముతో వచ్చిన ప్లాస్టిక్ తుపాకీ పిక్చర్ ట్యూబు టీవీ మీదే పనిచేసేది, ఈనాటి టీవీ మీద ఒక్క బాతు కూడా రాలదు. 2022లో హౌస్ ఆఫ్ ది డెడ్ కొత్త రూపం వచ్చినప్పుడు సమీక్షలు కలగాపులగంగా ఉన్నాయి, గురి పెట్టే పద్ధతి కుదరలేదన్నది వాటిలో గట్టిగా వినిపించిన మాట. చేతిలో తుపాకీ బరువు లేకుండా స్టిక్‌తో తెరమీద గుర్తును జరపడం వేరే ఆటే అవుతుంది.

పాటలు, హక్కుల విషయం క్లుప్తంగా చెప్పి వదిలేస్తాను. 1999 నాటి క్రేజీ టాక్సీని 2010లో మళ్ళీ తెచ్చినప్పుడు అసలు ఆటలో మోగిన ది ఆఫ్‌స్ప్రింగ్, బ్యాడ్ రెలిజియన్ బృందాల పాటలు లేవు, దారిలో కనిపించే నిజమైన దుకాణాల పేర్లూ లేవు. బండి అలాగే తిరుగుతుంది, కానీ పాత ఆటగాడికి ఊరు మారిపోయినట్టు ఉంటుంది. ఆ కారణంగా సమీక్షకులు మార్కు తగ్గిస్తే అది న్యాయమే. మన వైపు అందరూ 'ముస్తఫా' అని పిలిచిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ మీకు తెలిసే ఉంటుంది. 1993 నాటి ఆ ఆట ఒక కామిక్స్ హక్కుల మీద తయారైంది. క్యాప్‌కామ్ 2018లో తన పాత కొట్లాట ఆటలు ఏడింటిని ఒకచోట చేర్చి ఇచ్చినప్పుడు కూడా ఇది అందులో లేదు. మా షాపులో అత్యధికంగా టోకెన్లు మింగిన యంత్రం అదే. మీ నాన్నగారు దాన్ని అడిగితే కొనివ్వడానికి దుకాణంలో ఏమీ దొరకదు.

మరి కంటికీ చేతికీ రెండింటికీ న్యాయం చేయడం సాధ్యమా అంటే, సాధ్యమేనని 2017లో లిజార్డ్‌క్యూబ్ అనే చిన్న బృందం చేసి చూపింది. 1989లో సెగా మాస్టర్ సిస్టమ్ అనే ఇంటి గేమ్ యంత్రం కోసం వచ్చిన వండర్ బాయ్: ది డ్రాగన్స్ ట్రాప్ ఆటను ఒమర్ కార్నూ విప్పి, లోపలి లెక్కలను చదివి, వాటినే పునాదిగా పెట్టుకున్నాడు. బెన్ ఫికే దానిమీద చేతితో గీసిన కొత్త బొమ్మలు వేశాడు. ఆడుతుండగానే ఒక బటన్ నొక్కితే కొత్త బొమ్మల స్థానంలో పాత చుక్కల బొమ్మలు వస్తాయి, సంగీతాన్ని కూడా విడిగా పాతదానికి మార్చుకోవచ్చు. 1989లో కాగితం మీద రాసిపెట్టుకున్న పాస్‌వర్డ్ ఈ ఆటలో కూడా తలుపు తెరుస్తుంది. ఆ బటన్ నాకు ఎందుకు అంత గొప్పదిగా తోచిందంటే, అది సమీక్షకుడి పనిని ఆటగాడి చేతికే ఇచ్చింది. గెంతు మధ్యలో ఉండగా మార్చి చూడండి, రెండు బొమ్మలూ ఒకే చోట, ఒకే క్షణంలో ఉంటాయి. విమర్శకులు ఆ ఆటను మనసారా మెచ్చుకున్నారు. ఉన్న కొద్దిపాటి అభ్యంతరాలు పాత ఆటలోని ఇబ్బందులను, ఎటు వెళ్ళాలో చెప్పకపోవడం వంటివాటిని, అలాగే ఉంచారన్నవి. అవి మీకు ఇబ్బందో కాదో మీరే తేల్చుకోగలరు.

సమీక్షల మార్కులను కలిపి ఒక అంకెగా చూపే వెబ్‌సైట్ మెటాక్రిటిక్, ఆ అంకె చూసి కొనేవారికి ఒక మాట. అది సాధారణ సగటు కాదు, కొన్ని పత్రికలకు ఎక్కువ బరువు ఇచ్చి కట్టిన సగటు. ఆటల విషయంలో 75 లేదా ఆపైన వస్తే అనుకూలం, 50 నుంచి 74 వరకు మిశ్రమం అని ముద్ర పడుతుంది. 74కీ 75కీ మధ్య చేతికి తెలిసే తేడా ఏమీ ఉండదు, కానీ పసుపు రంగు, ఆకుపచ్చ రంగు వేరు కాబట్టి చూసేవారి మనసు మారిపోతుంది. ఇలా పునరుద్ధరించిన ఆటల విషయంలో నేను ఆ అంకెను పక్కనపెట్టి, ఎక్కువ వేసిన సమీక్ష ఒకటి, తక్కువ వేసిన సమీక్ష ఒకటి పూర్తిగా చదువుతాను. రెండింటిలోనూ ఒకే లోపం కనిపిస్తే అది ఆటలో నిజంగా ఉందని, ఒకరు దాన్ని భరించగలిగారని, మరొకరు భరించలేకపోయారని అర్థం.

మీ నాన్నగారి కోసం అయితే నేను ఆ రెండింటినీ కాక, 2018 మే నెలలో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 30వ వార్షికోత్సవ సంకలనాన్ని సూచిస్తాను. డిజిటల్ ఎక్లిప్స్ సంస్థ చేసిన ఆ సంకలనంలో 12 ఆర్కేడ్ ఆటలు అసలు రూపంలోనే ఉన్నాయి. పాత గీతలు, బొమ్మల తయారీ కాగితాలు చూపే విభాగం కూడా ఉంది, అది ఆయనతో కలిసి కూర్చుని చూడదగ్గది. ఇంటర్నెట్ ద్వారా ఇతరులతో ఆడుకునే వీలు 12లో నాలుగింటికే ఉందన్నది విమర్శకులు చెప్పిన లోపం. ఆ మాట నిజమే గాని, ఇంట్లో ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఆడుకునేవారికి అది అడ్డు కాదు. టీవీలో గేమ్ మోడ్ పెట్టండి, ఆటలో తెర కొలత 4:3 ఉంచండి, వీలైతే వైరు ఉన్న కంట్రోలర్ లేదా హ్యాండిల్ ఉన్న ఆర్కేడ్ స్టిక్ కొనండి.

కొనేముందు ఆయనను ఒక ప్రశ్న అడగండి. గాలిలోకి ఎగిరి ఉండగా ఫైర్‌బాల్ వేసేవారా, ఆట మధ్యలో స్టార్ట్ బటన్ నొక్కి పాత్రను మార్చేవారా అని. ఆ రోజుల్లో మన వైపు షాపుల్లో తిరిగిన బోర్డుల్లో చాలా వాటిలో ఉన్నది క్యాప్‌కామ్ అసలు ఆట కాదు, ఎవరో లోపలి లెక్కలు మార్చిన 'రెయిన్‌బో' నకలు. అందులో ఫైర్‌బాల్ మనిషిని వెతుక్కుంటూ వంకరగా వెళ్ళేది. నా నాలుగు యంత్రాల్లో ఒకదానిలో కూడా అదే ఉండేదని చాలా ఏళ్ళకు గాని నాకు తెలియలేదు. ఆయన 'అవును, వేసేవాళ్ళం' అంటే, ఆయన చేతిలో ఉన్న ఆటను ఏ సమీక్షకుడూ కొలవలేదు, ఏ సంస్థా తిరిగి తేలేదు. అప్పుడు సంకలనంలో హైపర్ ఫైటింగ్ అన్న రూపాన్ని ముందు పెట్టి చూడండి. ఆ నకళ్ళ వేగం చూశాకే క్యాప్‌కామ్ 1992 చివర్లో దాన్ని తెచ్చిందని చెబుతారు, వేగంలో ఆయనకు తెలిసినదానికి దగ్గరగా వచ్చేది అదే.